కాంటాక్ట్ లెన్సులకి ఫిల్టర్ నీళ్ళా?

మా పదో తరగతి బ్యాచ్ అందరికీ చత్వారం దాదాపు ఒకేసారి వచ్చింది. అందుకే కాబోలు, మల్టీఫోకల్ కాంటాక్ట్ లెన్సుల మీద ఆ మెసేజ్‌ని రోజూ ఎవరో ఒకరు గ్రూపులో పడేస్తున్నారు. "కళ్ళజోడు పారేయండి. దగ్గరకీ దూరానికీ ఒకటే లెన్సు. ఆరు నెలల్లో చత్వారమే పోతుంది. రాత్రి డ్రైవింగ్‌కి సూపర్. లెన్సులు కడిగి నానబెట్టే సొల్యూషన్ దండగ, ఫిల్టర్ నీళ్ళు చాలు. పడుకునేటప్పుడూ తీయక్కర్లేదు." ఇదీ వరస.

చత్వారం పోవడమేమిటి? గట్టిపడింది కంటి లోపలి కటకం. కంటి ముందుండే పారదర్శక పొర కార్నియా. దాని మీద తేలే పల్చటి లెన్సు లోపలి కటకాన్నెలా మెత్తబరుస్తుంది? చేతికర్ర పట్టుకుంటే మోకాళ్ళ అరుగుదల నయమవుతుందన్నట్టుంది. 2024లో ఒక చుక్కల మందు గురించీ ఇలాగే ఊదరగొడితే, ఆ ప్రచారం చూసి కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ దాని అనుమతినే సస్పెండ్ చేసింది.

రాత్రి డ్రైవింగ్ సంగతి. ఈ లెన్సుల్లో చాలావాటికి దగ్గర పవరూ దూరం పవరూ వలయాలుగా ఉంటాయి. రెండు బొమ్మలూ ఒకేసారి కంట్లో పడతాయి, కావలసింది మెదడు ఏరుకుంటుంది. చీకట్లో కంటిపాప పెద్దదయ్యేసరికి ఎదురుగా వచ్చే లారీ లైట్ల చుట్టూ వెలుగు చిమ్మినట్టు కనిపించొచ్చు. కొందరు అలవాటు పడతారు, కొందరు పడరు.

ఇక ఆ నీళ్ళ సలహా. అకాంతమీబా అనే సూక్ష్మజీవి కుళాయి నీళ్ళలో, ట్యాంకుల్లో ఉంటుంది. తాగితే మనకేమీ కాదు. లెన్సుకి అంటుకుని కార్నియాని పట్టుకుంటేనే చిక్కు. చుట్టూ గట్టి గోడ కట్టుకుని కూర్చుంటే క్లోరిన్‌కీ మందులకీ ఓ పట్టాన లొంగదు. భరించలేని నొప్పి, నెలల తరబడి చుక్కలు, కొందరికి చివరికి కార్నియా మార్పిడి. "మాది ఆర్‌వో అండీ", "కాచి చల్లారుస్తాం" అంటారా? కాచిన నీళ్ళైనా లెన్సుల డబ్బాలో పోసి వేలు పెట్టేసరికి శుద్ధం పోయినట్టే. పైగా ఉప్పు లేని నీళ్ళలో నానితే మెత్తని లెన్సు ఉబ్బి కార్నియాకి అతుక్కుపోవచ్చు. లెన్సులతో తలస్నానం కూడా వద్దంటారు కంటి డాక్టర్లు. ఈ మహానుభావుడేమో వాటిని ఏకంగా నీళ్ళలో నానబెట్టమంటున్నాడు! సొల్యూషన్ సీసా డబ్బులు మిగులుతాయి కదా, కన్ను పోతే పోయింది.

లెన్సులు పెట్టుకుని నిద్రపోతే ఇన్ఫెక్షన్ ముప్పు 6 నుంచి 8 రెట్లు పెరుగుతుందని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ లెక్క. లెన్సు జారి కంటి వెనక్కి పోతుందని ఎవరో కింద తగిలించారు. పోదు, అక్కడికి దారే లేదు.

అయితే అదే మెసేజ్‌లో "మెట్లు దిగేటప్పుడు తడబాటుండదు" అన్న ముక్క నిజం. పైన దూరానికీ కింద దగ్గరకీ పవర్ ఉండే ప్రోగ్రెసివ్ కళ్ళజోడులో కిందికి చూస్తే దగ్గర పవర్ అడ్డొచ్చి మెట్టు మసకబారుతుంది. లెన్సు కంటితోపాటే తిరుగుతుంది కాబట్టి ఆ గొడవ లేదు. సొల్యూషన్ విసుగనిపిస్తే రోజుకో జత వాడి పారేసే రకాలున్నాయి, ఖర్చు భరించగలిగితే.

కళ్ళజోడు పవర్ చెప్పి ఆన్‌లైన్లో తెప్పించుకోమని కూడా రాశారు. ఏ కన్ను ప్రధానమో, కళ్ళు ఎంత పొడిబారాయో చూసి, ట్రయల్ జత పెట్టి, ఫోనూ రోడ్డూ రెండూ చూశాక గానీ వీటి నంబరు తేలదు. మొదటి జతే కుదురుతుందనీ లేదు.