వేలు చాపలేకపోతే

రొయ్య తల ముల్లు వేలి కణుపులో గుచ్చుకున్నంత మాత్రాన పీలింగ్ షెడ్డులో ఎవరూ పని ఆపరు. గుడ్డపీలిక చుట్టి మళ్లీ ఒలుస్తారు. రాత్రికి వేలు సలుపుతుంది, నిమ్మకాయకు బెజ్జం చేసి తొడుగుతారు. మర్నాడు ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి సూది. మూడో నాటికి వేలు కొక్కెంలా వంగి బిగుసుకుంటే గాని పెద్దాసుపత్రి గుర్తుకు రాదు. పోయిన ఆ రెండు రోజుల గురించే అసలు బాధ.

వేలిని ముడిచే స్నాయువు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటిది, సన్నని ఒరలో జారుతూ ఉంటుంది. అందులో చీము పడితే బయటికి దారి లేదు. ఒత్తిడి పెరిగి స్నాయువుకు రక్తం అందక కుళ్లిపోతుంది. బొటనవేలు, చిటికెన వేలి ఒరలు చాలామందికి మణికట్టు దాకా ఉంటాయి కాబట్టి అక్కడి చీము ముంజేతికీ పాకుతుంది. వేలంతా ఒకే తీరుగా ఉబ్బడం, కాస్త వంగే ఉండటం, ఒర పొడవునా నొక్కితే నొప్పి, కొస పట్టుకుని మెల్లగా చాపబోతే కేక పెట్టడం: షికాగో సర్జన్ అలెన్ కనావెల్ పేరు మీద ఉన్న ఈ నాలుగు గుర్తులకు స్కానింగ్ అక్కర్లేదు. తొందరగా వస్తే రెండు చిన్న గాట్లు పెట్టి, సన్నని గొట్టంతో సెలైన్ పంపి ఒరను కడుగుతారు. ఆలస్యమైతే వేలే తీసేయాల్సి రావచ్చు.

ఇంకో రకం ఇన్ఫెక్షన్ ఇంతకంటే వేగం. పైకి కాస్త ఎరుపే, నొప్పి మాత్రం దానికి పొంతన లేనంత. తర్వాత ఊదా మచ్చలు, బొబ్బలు, తిమ్మిరి. చర్మం కింది పొర కుళ్లుతోందన్నమాట. ఎరుపు అంచున పెన్నుతో గీత గీసి టైము వేయండి. గంటల్లో గీత దాటితే ఆపరేషన్ థియేటర్ కావాలి. కుళ్లినదంతా తీసి, ఒకటి రెండు రోజుల్లో మళ్లీ తెరిచి చూస్తారు. షుగర్, లివర్ జబ్బు ఉన్నవారికి ఉప్పునీటి గాయమంటే మరీ ప్రమాదం.

పీహెచ్‌సీ చేయాల్సింది కొంచెమే: షుగర్ చూడటం, ధనుర్వాతం టీకా, నరంలోకి మొదటి డోసు యాంటిబయోటిక్, వాపు ముదరకముందే ఉంగరాలు, గాజులు తీయించడం, చేతిని గుండెకంటే ఎత్తున ఉంచి 108లో పంపడం. రాత్రిపూట సర్జన్ ఉన్న ఆసుపత్రికి ముందే ఫోన్ చేయాలి. లేకుంటే రోగి రెండోసారి రిఫర్ అవుతాడు, ఇది మామూలైపోయింది. ఇక షెడ్ల యజమానులు: చిరిగిన గ్లౌజు తొడుక్కున్నా తొడుక్కోనట్టే. కొత్త జత కోసం కూలీలో కోత పెట్టడం మానాలి.