పాత పడవ ఇంజన్ మీద కొలువైన అవర్ మీటరు గారికి

మహారాజశ్రీ అవర్ మీటరు గారి దివ్య సముఖమునకు,

తిరుపతిలో, రేణిగుంట రోడ్డు పక్కన షెడ్డు వేసుకుని, లారీ ఇంజన్లు విప్పి కట్టి బతికే ఒక డీజిల్ మెకానిక్ నమస్కరించి వ్రాసుకునే విన్నపం. మా బావమరిది పడవకు సెకండ్ హ్యాండ్ ఇంజన్ చూద్దామని నిన్న మధ్యాహ్నం శ్రీకాళహస్తి, నాయుడుపేట దాటి సముద్రపు ఒడ్డు దాకా వచ్చిన మేము, తమరి దర్శనం మాత్రం చేసుకుని ఉత్త చేతులతో తిరిగి వచ్చాము. ఆ ఆరు సిలిండర్ల ఇంజన్ గురించి ఏది అడిగినా అమ్మే ఆయన, ఇంజన్ ఎన్ని గంటలు తిరిగిందో లెక్కపెట్టి చూపించే తమరి వైపే వేలు చూపించారు. ఆయిల్ ఎంత తాగుతుందని అడిగితే 3,412 గంటలు. సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్డు ఎప్పుడు విప్పారని అడిగితే 3,412 గంటలు. మెయిన్ బేరింగుల సంగతి ఎత్తేసరికి ఆయనకు విసుగు వచ్చి, "మీటరే చెప్తా ఉంటే మళ్ళా నన్నెందుకన్నా అడగతా ఉండావు" అన్నారు.

ఇంజన్ పడవలోకి దిగి పన్నెండేళ్లయిందని చెప్పింది కూడా ఆయనే. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం, కాబట్టి మిగిలేవి 304 రోజులు. వాటిలో సగం తుఫాను హెచ్చరికలకూ, వలల మరమ్మతులకూ, పండుగలకూ పోయాయనుకుందాం. వేటకు వెళ్లిన రోజున కూడా ఇంజన్ పది గంటలే తిరిగిందనుకుందాం. అంత ఉదారంగా లెక్క కట్టినా ఏడాదికి 1,520 గంటలు, పన్నెండేళ్లకు 18,240 గంటలు అవుతాయి. తమరేమో 3,412 దగ్గర పద్మాసనం వేసుకుని కూర్చున్నారు. తక్కిన కాలమంతా పడవను తెడ్లతో నడిపారని మేము నమ్మాలి కాబోలు.

ప్యానెల్ బోర్డు మొత్తం ఉప్పుగాలికి పొలుసులు లేచి, ఆంపియర్ మీటరు అద్దం మసకబారి, తాళం రంధ్రం చుట్టూ పచ్చటి చిలుము పట్టి ఉండగా, తమరిని బిగించిన స్క్రూలు మాత్రం అప్పుడే పొట్లం విప్పినట్టు తళతళలాడుతున్నాయి. తమరి చుట్టూ, పాత మీటరు అంచు దాచి ఉంచిన రంగు వెలవని ఒక సన్నటి వలయం కూడా ఉంది. పాతాయన తమరికంటే కాస్త భారీ విగ్రహం అన్నమాట. తీగ పీకితే నిద్రపోయి, ఇంజన్ తిరగకపోయినా తాళం తిప్పితే చాలు లెక్కపెట్టుకుంటూ పోయే తమరికి ఇంత పలుకుబడి ఎలా వచ్చిందో నాకు అంతుపట్టడం లేదు.

పోనీ, తమరు సత్యసంధులే అనుకుందాం. ఆ గంటలు ఎలా గడిచాయో తమరికి తెలుసునా? తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కే బస్సూ, చెన్నై హైవే మీద పరిగెత్తే బస్సూ ఒకే కిలోమీటర్లు తిరిగినా వాటి ఇంజన్లు ఒకేలా అరగవని మా షెడ్డులో పానాలు అందించే కుర్రవాడికి కూడా తెలుసు. లోడు లేకుండా గంటల తరబడి ఐడిలింగులో ఉంచితే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు, పిస్టన్ ఆడే గొట్టమైన లైనరును సరిగా ఒత్తవు, లైనరు గోడ అద్దంలా నునుపెక్కి ఆయిల్ పైకి ఎగదన్నడం మొదలవుతుంది. నెలల తరబడి కదపకుండా ఉప్పుగాలిలో వదిలేస్తే రింగులు లైనరుకు తుప్పుతో అతుక్కుంటాయి, ఆ నెలల్లో తమరి అంకె ఒక్కటి కూడా కదలదు. సమయానికి ఆయిల్ మార్చి, మితమైన లోడుతో పదివేల గంటలు నడిపిన ఇంజన్‌ను నేను కళ్లు మూసుకుని కొంటాను. వెయ్యి గంటలే తిరిగి రేవులో పడి ఉన్నదాన్ని మాత్రం విప్పి చూడకుండా ముట్టుకోను.

మేము వెళ్లేసరికి ఇంజన్‌ను ముందే వేడి చేసి ఉంచారు. బ్లాకు మీద చెయ్యి పెట్టగానే ఆ మర్యాద అర్థమైంది. డీజిల్ ఇంజన్‌లో నిప్పురవ్వ ఉండదు, నొక్కుకుపోయిన గాలి వేడికే డీజిల్ అంటుకోవాలి. రింగులు అరిగి గాలి కారిపోతుంటే చల్లగా ఉన్నప్పుడు మొరాయించి, వేడి మీద ఉన్నప్పుడు బుద్ధిమంతురాలిలా స్టార్టవుతుంది. కొత్తగా పూసిన పచ్చ పెయింటు సంగతి నేను ఎత్తను. నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే రైలింజన్‌లా పొగ ఎగజిమ్మింది, అదీ వదిలేస్తాను.

సముద్రపు నీటితో ఇంజన్ నీళ్లను చల్లబరిచే హీట్ ఎక్స్ఛేంజర్‌ను మాత్రం వదలను. సముద్రపు నీరు రాగి గొట్టాలను తినకుండా అందులో ఒక జింకు కడ్డీ పెడతారు. ముందు తాను కరిగిపోయి గొట్టాలను కాపాడడమే దాని పని. సగం కరిగిందంటే మార్చాలి, ఖర్చు కూడా పెద్దదేమీ కాదు. నేను ప్లగ్గు విప్పితే చేతికి ఇత్తడి మర మాత్రమే వచ్చింది, కడ్డీ ఆనవాలు కూడా లేదు. ఇంజన్‌ను చల్లబరిచే మంచినీళ్లు పోసే హెడర్ ట్యాంకు మూత తీస్తే ఎర్రమట్టి నీళ్లు. అంటే ఉప్పునీరు గొట్టాలు దాటి ఎన్నాళ్ల నుంచో బ్లాకులో తిరుగుతూ ఉండాలి. లోపల ఇంత ఘోరం జరుగుతుంటే పైన కూర్చుని నువ్వేం చేస్తున్నావు? ఇంజన్ లోపల అరిగి బోరుకొచ్చి మూలుగుతుంటే, నిన్నగాక మొన్న వచ్చి దాని వయసు గురించి సాక్ష్యం చెప్పడానికి నీకు సిగ్గు లేదా? నీ మొహం చూసి అప్పు చేసి, ఆ పాడు ఇంజన్‌ను దింపుకుని, నడిసముద్రంలో ఆగిపోయినవాళ్లు నిన్ను ఏమని తిట్టుకుంటారో ఎప్పుడైనా విన్నావా?

ఆ ఇంజన్ మీద మాత్రం నాకు కోపం లేదు. బ్లాకు పగలకుండా, పిస్టన్లు తిప్పే క్రాంకు షాఫ్టు ఇంకొకసారి గ్రైండింగుకు ఆగగలిగితే, ఆ పాతకాలపు బరువైన ఇనుముకు లైనర్లు మార్చి మళ్లీ ప్రాణం పోయవచ్చు. అందుకే హెడ్డు, అడుగున ఆయిల్ ఉండే సంపు విప్పి చూపించమనీ, లైనరు కిట్టు, బేరింగులు, హీట్ ఎక్స్ఛేంజర్ ఖర్చు ధరలోంచి తగ్గించమనీ చెప్పి వచ్చాము. ఆలోచించి ఫోను చేస్తానన్నారు. చేస్తే మాట్లాడతాను, మొదటి మాట 3,412 అయితే పెట్టేస్తాను.

ఇట్లు,
చేతులకు గ్రీజు వదలని
ఒక తిరుపతి మెకానిక్