నీ వంతు చివర

మా ఊరి బ్యాంకులో గార్డు ఒక రిటైర్డ్ ఆర్మీ హవల్దారు. ఒకటో తారీఖు వచ్చిందంటే పింఛను డబ్బుల కోసం వచ్చే ముసలివాళ్లు కౌంటర్ కన్నా ముందు ఆయన దగ్గరికే వెళ్తారు. విత్‌డ్రాయల్ ఫారం ఆయనే నింపుతాడు. వేలిముద్ర పడాల్సిన చోట పెన్నుతో చిన్న ఇంటూ పెట్టి, ఇంకు ప్యాడ్ ముందుకు జరుపుతాడు. "ఇది మీ పని కాదు కదా బాబాయ్" అన్నానొకసారి. "నా పనా, కాదా అని కూర్చుంటే ఈ ముసలమ్మ పని ఎప్పుడవుతుంది బాబూ" అన్నాడు.

నిస్వార్థ సేవ అనగానే మనకు ప్రాణత్యాగాలే గుర్తొస్తాయి. సైన్యంలో అది అన్నం దగ్గర మొదలవుతుంది. జవాన్లు తిన్నాకే అధికారి తినాలన్నది అక్కడి ఆనవాయితీ. డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీ ప్రారంభమైన 1932లో అప్పటి సైన్యాధిపతి ఫిలిప్ చెట్‌వుడ్ చెప్పిన మాటలు ఇప్పటికీ అక్కడి హాల్లో ఉన్నాయి: ముందు దేశం, తర్వాత నీ చేతికింది మనుషులు, నీ సుఖం, నీ భద్రత ఎప్పుడూ చివరే. మనసు మంచిదైతే సేవ దానంతటదే వస్తుందనుకుంటాం. వాళ్లు మాత్రం దాన్ని ఏళ్ల తరబడి సాధన చేస్తారు. అందుకే యూనిఫాం విప్పినా ఆ వరస మారదు.

మేజర్ జనరల్ ఇయాన్ కార్డోజో సంగతే చూడండి. 1971 యుద్ధంలో, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ ప్రాంతంలో గూర్ఖా రైఫిల్స్ మేజర్‌గా ఉండగా మందుపాతరపై కాలు పడింది. నొప్పి తెలియకుండా ఇచ్చే మార్ఫిన్ లేదు. కాలు నరకమంటే పక్కనున్న జవానుకు చేతులాడలేదు. గూర్ఖాల వంపు కత్తి కుక్రీ తీసుకుని తనే నరుక్కున్నాడు. ఈ ఘట్టాన్ని అందరూ చెప్పుకుంటారు. నాకు ఆ తర్వాతి కథే ముఖ్యం. కృత్రిమ కాలితోనే ఆయన బెటాలియన్‌కూ, బ్రిగేడ్‌కూ కమాండర్ అయ్యాడు. రిటైరయ్యాక వికలాంగుల కోసం పనిచేసి, 2005లో భారత పునరావాస మండలి అధ్యక్షుడయ్యాడు. తన కష్టం తనను ఎవరివైపు నడిపించిందో చూడండి.

పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం ఉంది. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపిన ఊరు. అలాంటి ఊళ్లలోనే కాదు, మాజీ సైనికులు అన్ని చోట్లా ఉన్నారు. 2022కు ముందు చేరినవాళ్లకు పదిహేనేళ్ల సర్వీసుకే పింఛను వస్తుంది కాబట్టి వాళ్లలో సిపాయిలు చాలామంది నలభై దాటకముందే ఇంటికొస్తారు. ఒంట్లో బలం, చేతిలో పనితనం, మనుషుల్ని నడిపించే అలవాటు అన్నీ ఉంటాయి. మనం చూపించేదేమో ఏటీఎం ముందు కుర్చీ. పంద్రాగస్టుకు శాలువా కప్పి, పదహారు నాటికి మర్చిపోతాం.

తుఫాను షెల్టర్ల నిర్వహణ, బడి పిల్లల ఎన్‌సీసీ, ఊరి చెరువు పనుల పర్యవేక్షణ వీళ్లకు అప్పగించవచ్చు. నిస్వార్థపరులు కదా అని ఊరికే చేయించుకోవడం మాత్రం తప్పు. గౌరవ వేతనం ఇచ్చి, అధికారం కూడా ఇచ్చి అప్పగించాలి.