50 గంటల లెక్క

ఊరు మారి ఇక్కడికొచ్చిన మనలాంటివాళ్ళ సంఘం ఇది. మన సభకి కొత్తవాళ్ళెవరైనా వస్తే అందరూ అడిగేది ఒకటే, "ఏమండీ, అలవాటైందా?" అని. వాళ్ళూ "ఆ, పర్లేదండీ" అనేస్తారు. ఏడాదిన్నర పాటు నేనూ అదే అన్నాను, అన్నప్పుడల్లా అబద్ధమే. ఇల్లు దొరికింది, ఉద్యోగం ఉంది, ఏ రైలు దిగి ఏది ఎక్కాలో కూడా వచ్చేసింది, కానీ శనివారం పొద్దున్నే ఫోన్ చేసి "ఇంట్లోనే ఉన్నావా, వస్తున్నా" అనడానికి ఇంత పెద్ద నగరంలో ఒక్క మనిషి లేడు.

లోపం నాలోనే ఉందనుకున్నాను, నలుగురిలో కలవడం చేతకాదేమోనని. మనిషి స్వభావం కంటే ఇందులో గడియారం పాత్రే ఎక్కువని తర్వాత తెలిసింది. అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ జెఫ్రీ హాల్ 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో ఒక భాగానికి ఆయన ఎంచుకున్నది అచ్చం మనలాంటివాళ్ళనే, అంతకు ముందు ఆరు నెలల్లో ఊరు మారి కొత్త స్నేహాలు వెతుక్కుంటున్నవాళ్ళని. ముఖపరిచయం మామూలు స్నేహం కావడానికి ఇద్దరూ కలిసి సుమారు 50 గంటలు గడపాలి, ఇంకాస్త గట్టి స్నేహానికి 90, ప్రాణస్నేహానికి 200 పైమాటే అని తేలింది. ఆఫీసులో పక్కపక్కన కూర్చుని పనిచేసిన గంటలు ఇందులో పెద్దగా లెక్కకి రావట! రోజుకి ఎనిమిది గంటలు మన పక్కనే ఉన్నవాడు ఉద్యోగం మారగానే ఎటు పోతాడో నాకప్పుడు అర్థమైంది.

ఇక మన సంఘం సంగతి. ఏడాదికి మూడు పెద్ద సభలు పెడతాం. ఒక్కో సభలో ఒక మనిషితో కుదురుగా మాట్లాడేది ఎంతసేపు? పోనీ గంట అనుకుందాం, ఆ మైకు మోతలో అదే ఎక్కువ. ఆ లెక్కన 50 గంటలు పూర్తి కావాలంటే పదహారేళ్ళు దాటుతుంది, అప్పటికి వాళ్ళో మనమో ఇంకో ఊరు మారిపోయి ఉంటాం. అదే ఓ ఎనిమిది మంది వారానికి రెండు గంటలు ఒకచోట కూర్చుంటే ఆరు నెలల పని. సభలు మానేద్దామని నేననడం లేదు (మా పిల్లలు స్టేజీ ఎక్కినప్పుడు ముందుకొచ్చి ఫోన్ పైకెత్తి వెనకవాళ్ళకి అడ్డం పడేది నేనే), కాకపోతే సభలతోనే కొత్తవాళ్ళ ఒంటరితనం తీరిపోతుందనుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

మాటలు కూడా అక్కర్లేదేమో, ఒకే టైముకి ఒకే చోట ఉంటే చాలేమో అని కూడా అనిపిస్తుంది. మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ 1972లో ఇలాంటి మనుషుల గురించే రాశారు. రోజూ ఒకే స్టేషన్లో రైలెక్కేవాళ్ళ ఫొటోలు తీసి వాళ్ళకే చూపిస్తే, ఎన్నడూ పలకరించని ముఖాల్ని ఒక్కొక్కరు సగటున నాలుగు గుర్తుపట్టారట. నా ప్లాట్‌ఫారం మీదా ఒకావిడ ఉంది, ఎర్ర సంచి, ఎప్పుడూ మెట్ల పక్కనే నిలబడుతుంది. రెండేళ్ళుగా చూస్తున్నా ఒక్క మాట లేదు. మొన్న జ్వరంతో వారం రోజులు ఇంట్లో పడి ఉండి తిరిగి వెళ్ళిన రోజున, ఆవిడ నన్ను చూసి, ఓహ్ వచ్చావా అన్నట్టు తల ఊపింది. నేను రాలేదని ఈ ఊళ్ళో ఒకరికి తెలిసింది! ఆవిడ పేరేమిటో నాకిప్పటికీ తెలీదు. నాకు మాత్రం ఏదో ఒక పేరు పెట్టే ఉంటుంది.

అందుకే కార్యవర్గానికి నాదొక విన్నపం. వారం వారం అదే రోజు, అదే గది, అదే టైము. ఎజెండా వద్దు, శాలువాలు వద్దు, ముఖ్య అతిథి అసలే వద్దు. ముగ్గురే వచ్చినా, ఎవరూ రాకపోయినా తలుపు మాత్రం తెరిచి ఉండాలి, ఎందుకంటే నాలుగో వారం ఎవరో ధైర్యం చేసి వచ్చి తాళం చూసి వెళ్ళిపోతే ఇక మళ్ళీ రారు. తాళంచెవి నాకివ్వండి, మొదటి ఆరు నెలలు నేను తెరుస్తాను.