గ్లవుజులు కుట్టేవాడి కొడుకు నాటకాలు రాయలేడా?

షేక్‌స్పియర్ పేరుతో ఉన్న నాటకాలు నిజానికి ఇంకెవరో రాశారని కొందరు వాదిస్తారు. షేక్‌స్పియర్ 1616లో చనిపోయాడు. ఆయన బతికుండగా ఈ నాటకాలు ఆయనవి కావని ఎవరూ అన్న దాఖలా లేదు. అనుమానం ఊపందుకున్నది 1857లో, డీలియా బేకన్ అనే అమెరికన్ రచయిత్రి పుస్తకంతో. 1920లో థామస్ లూనీ అనే ఇంగ్లిష్ స్కూలు మాస్టారు అసలు రచయిత అంటూ ఆక్స్‌ఫర్డ్ ఎర్ల్ (ప్రభువు) ఎడ్వర్డ్ డి వేర్ పేరు తెరపైకి తెచ్చాడు. ఈ మధ్యలో తత్వవేత్త ఫ్రాన్సిస్ బేకన్, నాటకకర్త మార్లో, ఇంకా చాలామంది పేర్లు వచ్చాయి.

అన్నిటి వెనకా ఉన్న ప్రశ్న ఒకటే. యూనివర్సిటీ గడప తొక్కనివాడికి, గ్లవుజులు కుట్టే తండ్రి ఇంట పుట్టినవాడికి రాజదర్బారు సంగతులు, చట్టం, ఇటలీ ఎలా తెలుస్తాయి? నాకు ఇది సాహిత్య ప్రశ్నలా అనిపించదు, పుట్టుకను బట్టి తెలివిని కొలిచే పాత జబ్బులా అనిపిస్తుంది. షేక్‌స్పియర్ సమకాలికుడు, నాటకకర్త బెన్ జాన్సన్‌ను చూడండి. సవతి తండ్రి తాపీ మేస్త్రీ, తానూ కొన్నాళ్లు ఇటుకలు పేర్చాడు, యూనివర్సిటీలో చదవలేదు. అయినా ఆ కాలపు మహాపండితుల్లో ఒకడు. ఆయన నాటకాలు ఇంకెవరో రాశారని ఎవరూ అనరే!

నా దృష్టిలో గట్టి సాక్ష్యం నాటకాల్లోనే ఉంది. ‘మచ్ ఎడో ఎబౌట్ నథింగ్’ 1600లో అచ్చయింది. అందులో నాలుగో అంకంలో ఒకచోట డాగ్‌బెరీ, వెర్జెస్ అనే పాత్రల పేర్లు ఉండాల్సిన చోట కెంప్, కౌలీ అని ఉంది. వాళ్లు షేక్‌స్పియర్ నాటక కంపెనీ నటులు. ఏ డైలాగ్ ఎవరి నోట పేలుతుందో తెలిసి, వాళ్లనే కళ్లముందు పెట్టుకుని రాసిన చెయ్యి అది. రోజూ రిహార్సల్స్‌లో వాళ్ల పక్కన నిలబడినవాడికే అలా రాయడం అలవాటవుతుంది.

ఆక్స్‌ఫర్డ్ ఎర్ల్ విషయంలో తేదీలే అడ్డం తిరుగుతాయి. ఆయన 1604లో పోయాడు. 1613లో గ్లోబ్ థియేటర్ తగలబడ్డ రోజు అక్కడ ఆడుతున్నది షేక్‌స్పియర్ నాటకాల్లో ఒకటైన ఎనిమిదో హెన్రీ కథ. అది కొత్త నాటకమని ఆ రోజుల నాటి ఉత్తరమే చెబుతోంది. దాచిపెట్టిన రాతప్రతులు తర్వాత బయటికి తీశారంటారు ఆయన అభిమానులు. దానికి ఒక్క కాగితం కూడా చూపించలేదు.

నిజంగా తేలాల్సిన లెక్క వేరే ఉంది. అప్పట్లో ఇద్దరు ముగ్గురు కలిసి నాటకం రాయడం మామూలే. ‘ది టూ నోబుల్ కిన్స్‌మెన్’ 1634లో అచ్చయినప్పుడు ముఖపత్రం మీదే నాటకకర్త ఫ్లెచర్, షేక్‌స్పియర్ ఇద్దరి పేర్లూ వేశారు. 2016లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ వేసిన షేక్‌స్పియర్ రచనల సంపాదకులు ఆరో హెన్రీ నాటకాలు మూడింటికీ మార్లోను సహరచయితగా చేర్చారు. పదాల వాడుకను కంప్యూటర్‌తో లెక్కగట్టిన ఆ పద్ధతి మీద పండితులు ఇంకా తగువులాడుకుంటూనే ఉన్నారు. ఆ తగువుకు ఆధారం నాటకాల్లోని పంక్తులే కాబట్టి దాన్ని నేను ఆసక్తిగా చదువుతాను.