రాజీ కాగితం కింద దాగిపోతున్న ప్రమాదాలు

మామిడి సీజను మొదలైందంటే చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి లోడుతో ట్రాక్టర్లు బారులు తీరతాయి. లోపల కాయలు కడిగి బెల్టు మీదికి ఎత్తే పనిలో ఉండేది ఎక్కువగా ఆడవాళ్లే. మూడేళ్ల కిందట అలాంటి ఒక ఫ్యాక్టరీలో మా వీధి చివర ఉండే ఒకామె కుడిచేతి రెండు వేళ్లు పోగొట్టుకుంది. బెల్టును తిప్పే చైను మీద ఉండాల్సిన ఇనుప మూతను, శుభ్రం చేసినప్పుడల్లా తీసి బిగించడం ఆలస్యమవుతోందని, సీజను మొదట్లోనే విప్పి గోడకు ఆనించి పెట్టారట. చైనులో చిక్కుకున్న కొంగును లాక్కోబోయి చెయ్యి లోపల పెట్టేసింది. ఆసుపత్రి ఖర్చు యాజమాన్యమే భరించింది. నాలుగో రోజు కాంట్రాక్టరు ఇంటికి వచ్చి, 30 వేల రూపాయలు ఇచ్చి, ఇకమీదట తనకు ఏ హక్కూ లేదని రాసి ఉన్న కాగితం మీద వేలిముద్ర వేయించుకుని వెళ్లాడు. ఎందుకు వేశావమ్మా అని అడిగితే, "ఏమి చేసేదన్నా, మళ్లీ సీజనుకు పనికి పిలవాల గదా" అంది.

అప్పటికి ఆమె వయసు 40 ఏళ్లు, నెల కూలి సుమారు 9 వేలు. సీజను ఫ్యాక్టరీలు ఈఎస్ఐ (కార్మికుల బీమా) పరిధిలోకి రావు కాబట్టి ఆమెకు వర్తించింది 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం. ఒక చేతి రెండు వేళ్లు పోతే సంపాదన శక్తిలో 20 శాతం పోయినట్టు ఆ చట్టం షెడ్యూలే చెప్పింది. నెల వేతనంలో 60 శాతాన్ని వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చించి, అందులో 20 శాతం తీస్తే దాదాపు 2 లక్షల రూపాయలు వస్తుంది. తప్పు ఎవరిదన్న ప్రశ్న అక్కడ లేదు; పని చేస్తుండగా, పని వల్ల గాయమైతే చాలు. కాంట్రాక్టరు ద్వారా వచ్చిన కూలీ అయినా అసలు యజమాని బాధ్యత తప్పదని 12వ సెక్షన్ చెప్పింది. హక్కు వదులుకున్నానని కార్మికుడు రాసిచ్చిన కాగితం చెల్లదని 17వ సెక్షన్ ఇంకా స్పష్టంగా చెప్పింది. అంటే ఆ వేలిముద్రకు చట్టం కళ్ల ముందు ఏ విలువా లేదు. ఆ సంగతి ఆమెకు చెప్పినవాళ్లు లేరు. నాకు తెలిసేసరికి దరఖాస్తుకు ఉన్న రెండేళ్ల గడువు దాటిపోయింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఆమెకు అందకుండా పోయిన డబ్బు ఒక నష్టమైతే, నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న నష్టం వేరు. ఆ ప్రమాదం ఏ పుస్తకంలోనూ లేదు. 48 గంటలకు మించి పనికి రాలేని గాయమైతే యజమాని ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు తెలియజేయాలన్న నియమం అప్పుడు అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే ఉండేది. తెలియజేసి ఉంటే ఎవరో ఒకరు వచ్చి, గోడకు ఆనించిన ఆ మూతను చూసి, బిగించమని నోటీసు ఇచ్చి ఉండేవారు. రాజీతో ఆ అవసరం తీరిపోయింది. తర్వాతి సీజనులో అదే బెల్టు దగ్గర ఇంకొక అమ్మాయి మణికట్టు నలిగింది. గాయానికి పరిహారం, ప్రమాద నివారణ రెండూ వేర్వేరు సంగతులని మనం అనుకుంటాం గానీ, రెండింటికీ మూలం ఒకటే: జరిగినది జరిగినట్టు రాసిపెట్టడం.

రోడ్డు మీద కూడా ఇదే జరుగుతోంది. పెద్ద ప్రమాదాలను ఎవరూ దాచలేరు. 2022 మార్చిలో భాకరాపేట ఘాట్‌లో నిశ్చితార్థానికి వస్తున్న బస్సు లోయలో పడినప్పుడు, 2024 సెప్టెంబరులో మొగిలి ఘాట్‌లో ఆర్టీసీ బస్సూ లారీలూ ఢీకొన్నప్పుడు అధికారులు వచ్చారు, మలుపుల మీద చర్చ జరిగింది. కానీ పుత్తూరు, నగరి, రేణిగుంట, పూతలపట్టు దారుల్లో ఏదో ఒక ఊరి క్రాసు దగ్గర, డివైడరు సందులోంచి ఎదురు వచ్చిన బైకును కారు తగిలి కాలు విరిగిన కేసు ఎక్కడికి పోతోంది? స్టేషను ముందు చెట్టు కింద ఇరువైపుల పెద్దమనుషులు కూర్చుంటారు. కేసు పెడితే బండి స్టేషన్లోనే తుప్పు పడుతుందని ఒకరు, కోర్టు చుట్టూ ఎన్నేళ్లు తిరుగుతావని ఇంకొకరు అంటారు. సాయంత్రానికి 40 వేలకో 50 వేలకో తెగుతుంది.

జాతీయ రహదారి మీద ఒక చోటును 'బ్లాక్ స్పాట్'గా గుర్తించాలంటే, సుమారు 500 మీటర్ల పరిధిలో మూడేళ్లలో మరణం గానీ తీవ్ర గాయం గానీ జరిగిన ప్రమాదాలు 5 నమోదు కావాలి, లేదా 10 మంది చనిపోయి ఉండాలి. సర్వీసు రోడ్డు, అండర్‌పాస్, దీపాలు, వేగ నిరోధకాలు ఆ లెక్క తేలాకే వస్తాయి. చెట్టు కింద తెగిన ప్రతి రాజీ ఆ లెక్కలోంచి ఒక ప్రమాదాన్ని తీసేస్తుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. చావులు చాలావరకు లెక్కకు వస్తాయి. ఒక మనిషి చావుకు ముందే అదే చోట విరిగిన కాళ్లు, నలిగిన చేతులు రావు. హెచ్చరిక ఇవ్వగలిగేవి అవే కదా.

రాజీకి ఒప్పుకున్నవాళ్లను నేను తప్పుపట్టను. మర్నాటి మందులకు డబ్బు కావాలి. కానీ వాళ్లు ఎంత వదులుకుంటున్నారో లెక్క వేసి చూపించాలి. రోడ్డు ప్రమాదంలో గాయపడిన, నెలకు 12 వేలు సంపాదించే 30 ఏళ్ల బేల్దారి మేస్త్రీని తీసుకుందాం. 2017లో ప్రణయ్ సేఠీ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్థిరపరిచిన పద్ధతిలో, 40 ఏళ్లలోపు సొంత పని చేసుకునేవారికి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలిపితే నెలకు 16,800, ఏడాదికి 2,01,600 అవుతుంది. ఆ వయసుకు గుణకం 17. ప్రమాదం వల్ల అతని సంపాదన శక్తి సగం పోయిందని తేలితే ఆ ఒక్క పద్దు కిందే 17,13,600 రూపాయలు వస్తాయి. వైద్య ఖర్చులు, నొప్పి, బాధల కింద ఇచ్చేది దీనికి అదనం. సగం అని డాక్టరు సర్టిఫికెట్ చెప్పాల్సిన పని కూడా లేదు. శరీర వైకల్య శాతం వేరు, సంపాదన నష్టం వేరని 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు వివరంగా చెప్పింది. ఎడమచెయ్యి పోయిన గుమాస్తాకు ఉద్యోగం మిగలవచ్చు. అదే గాయం డ్రైవరుకో వడ్రంగికో దాదాపు నూరు శాతం నష్టం. మేస్త్రీకి మడమ సరిగా మడతపడకపోతే సారువ ఎక్కలేడు. ఆ సంగతిని రోడ్డు ప్రమాదాల పరిహారం తేల్చే ట్రైబ్యునల్ ముందు చెప్పగలగాలంటే ఎఫ్ఐఆర్, తిరుపతి రుయా ఆసుపత్రిలోనో జిల్లా ఆసుపత్రిలోనో మొదటి రోజు రాసిన మెడికో లీగల్ నమోదు (గాయం ఎలా అయిందో కేసు కోసం డాక్టరు రాసేది), ఎక్స్‌రేలు, మందుల రశీదులు ఉండాలి. గాయం ఎలా అయిందని డ్యూటీ డాక్టరు అడిగినప్పుడు, కేసెందుకని 'జారి పడ్డాడు' అని చెప్పే బంధువు, తెలియకుండానే ఆ మనిషి దావాను అక్కడే ముగిస్తున్నాడు.

చట్టం ఈ బరువును బాధితుడి నెత్తిన వదిలేయలేదు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం, దర్యాప్తు అధికారి 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదికను, 90 రోజుల్లో సమగ్ర నివేదికను క్లెయిమ్స్ ట్రైబ్యునల్‌కు పంపాలి. ఆ సమగ్ర నివేదికనే పరిహార దరఖాస్తుగా స్వీకరించవచ్చు. గుద్ది ఆపకుండా వెళ్లిపోయిన బండి దొరకకపోయినా మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు ఇచ్చే పథకం ఉంది. 2025 మేలో కేంద్రం ప్రకటించిన పథకం కింద ఏడు రోజుల వరకు లక్షన్నర రూపాయల నగదు రహిత చికిత్స ఉంది. ఆ చికిత్స నిజంగా అందితే, మర్నాటి మందుల కోసం రాజీకి తలవంచే అవసరమే చాలావరకు తగ్గుతుంది. పరిహార దరఖాస్తుకు 2019 సవరణ పెట్టిన ఆరు నెలల గడువు మాత్రం పేదలకు అన్యాయమని నా అభిప్రాయం. కాలు కట్టులో ఉన్నవాడికి ఆరు నెలలు మంచం మీదే గడిచిపోతాయి. దాన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశారు.

రాజీ అన్నమాటే తప్పని కూడా నేను అనడం లేదు. లోక్ అదాలత్‌లో జరిగేదీ రాజీయే. అయితే అక్కడ న్యాయాధికారి ముందు లెక్క చూస్తారు, కేసు నంబరు ఉంటుంది, ప్రమాదం జరిగిన చోటు కాగితం మీద ఉంటుంది.

రాసుకోవడం వల్ల ఏమవుతుందో తెలుసుకోవడానికి మనం దూరం పోనక్కర్లేదు. తిరుమల ఘాట్ రోడ్డులో కింది గేటుకూ పై గేటుకూ మధ్య ప్రయాణ సమయం చూస్తారు. ఎక్కడానికి 28 నిమిషాల కన్నా, దిగడానికి 40 నిమిషాల కన్నా ముందే చేరిన బండి వేగం మీరినట్టే. దిగేటప్పుడు ఎంత తొందరలో ఉన్న టాక్సీ డ్రైవరైనా గడియారం చూసుకుంటూ మలుపులు తిరుగుతాడు. అదే డ్రైవరు అలిపిరి దాటి రేణిగుంట రోడ్డెక్కాక కాలు నొక్కి పెడతాడు. మనిషి మారలేదు. మారిందల్లా, తన సమయాన్ని చూసేవాళ్లు అక్కడ లేకపోవడమే.

తిరుపతి, చిత్తూరు జిల్లాల రోడ్డు భద్రతా కమిటీలు ప్రతి నెలా ఒక పని చేయవచ్చు. ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రుల మెడికో లీగల్ నమోదులను, 108 అంబులెన్సుల పిలుపుల జాబితాను పక్కపక్కన పెట్టి, పోలీసుల ప్రమాద నివేదికలతో సరిచూడాలి. ఆసుపత్రిలో ఉండి స్టేషన్లో లేని ప్రతి గాయం దగ్గరికి ఒక మనిషి వెళ్లాలి. చేతివేళ్లు, మణికట్టు, మెషిను గాయాల జాబితాను విడిగా తీసి కార్మిక శాఖకూ ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకూ పంపాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ తరఫున జనానికి చట్టం సంగతులు చెప్పే పారా లీగల్ వలంటీర్లు ఉన్నారు; మామిడి సీజను మొదటి వారంలోనే వాళ్లు గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల దగ్గర, షిఫ్టు మారే వేళకు నిలబడి, వేలిముద్ర వేయమంటే ఏమి చేయాలో ఆ ఆడవాళ్లకు చెప్పాలి. మా వీధి ఆమె ఈ ఏడాది కూడా అదే ఫ్యాక్టరీకి పోతోంది. కుడిచేత్తో పట్టు దొరకదని గంప ఎత్తే పని ఇవ్వడం లేదట. కింద కూర్చుని కుళ్లిన కాయలు ఏరుతోంది, కూలి మిగతావాళ్ల కన్నా తక్కువ.