డ్యామ్ ముందే ఖాయమైతే ఇక పరిశీలన దేనికి?

"చర్చలు ఆపి డ్యామ్ కట్టండి. సముద్రం పాలయ్యే నీళ్లు ఆగుతాయి. సాగునీరు, కరెంటు, వరద రక్షణ మూడూ ఒకేసారి వస్తాయి. నీళ్లకు డబ్బు కట్టక్కర్లేదు కాబట్టి అంత చవక కరెంటు ఇంకోటి లేదు." ఈ మెసేజ్ వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది.

సముద్రంలో కలిసేదంతా వృథా కాదు. నది మోసుకొచ్చే ఒండ్రే తీరాన్ని నిలబెడుతుంది. నైలు నదిపై 1970లో పూర్తయిన అస్వాన్ హై డ్యామ్ దగ్గర ఒండ్రు ఆగిపోయింది, కింద డెల్టా తీరం కోతకు గురవుతోంది.

మూడూ ఒకేసారి అన్న దగ్గరే అసలు తిరకాసు. వరదను ఆపాలంటే వానలకు ముందు జలాశయంలో ఖాళీ ఉండాలి. కరెంటుకు నీటిమట్టం ఎంత ఎత్తులో ఉంటే అంత మంచిది. సాగుకేమో పైరుకు అవసరమైనప్పుడే వదలాలి, ఆ రోజు కరెంటుకు గిరాకీ ఉన్నా లేకున్నా. సర్దుబాటు చేయొచ్చు, కాదనను. కానీ ఏ అవసరానికి ఎంత కోత పడుతుందో ముందే లెక్క చెప్పాలి. మెసేజ్‌లో మాత్రం మూడూ నూటికి నూరుపాళ్లు వచ్చేస్తాయి! వానలు మొహం చాటేస్తే? 2022 చివర్లో ఆఫ్రికాలోని కరీబా జలాశయంలో కరెంటుకు వాడుకోదగ్గ నీరు 1 శాతం లోపుకు పడిపోయింది. దాన్నే నమ్ముకున్న జాంబియా, జింబాబ్వేల్లో గంటల తరబడి కరెంటు కోతలు.

ఇక చవక. నీళ్లు ఉచితమే, కట్టడం కాదు. ప్రపంచ డ్యాముల కమిషన్ 2000 నాటి నివేదిక ప్రకారం, అది పరిశీలించిన పెద్ద డ్యాముల ఖర్చు అంచనాలను సగటున 56 శాతం దాటింది. బ్రెజిల్‌లోని బాల్బినా డ్యామ్ సామర్థ్యం 250 మెగావాట్లు. దానికోసం 2,000 చదరపు కిలోమీటర్లకు పైగా ముంపు. పోయిన అడవి యూనిట్ ధరలో కనిపించదు.

చర్చ కాలయాపన అట! కాలువల లీకేజీ ఆపడం, లైన్లలో కరెంటు నష్టం తగ్గించడం, సోలార్, ఉన్న డ్యాములకే మరమ్మతులు, కొత్త డ్యామ్... అన్నిటినీ ఒకే పట్టికలో పెట్టి పోల్చడమే ఆ చర్చ. చివరికి డ్యామే నెగ్గవచ్చు. కానీ హెచ్చరికలు వినకుండా కడితే ఏమవుతుందో చూడండి. చైనాలో పసుపు నదిపై సన్‌మెన్‌షియా డ్యామ్ విషయంలో పూడిక ముంచుతుందని ఇంజనీరు హువాంగ్ వాన్లీ 1957లోనే హెచ్చరించాడు. వినలేదు. 1960లో నీళ్లు నింపడం మొదలుపెడితే, 1962కల్లా పూడిక దెబ్బకు డ్యామ్ నడిపే పద్ధతే మార్చాల్సి వచ్చింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి పూడిక బయటికి పోవడానికి సొరంగాలు, తూములు తెరుస్తూ కూర్చున్నారు.